రుకై ఒక భాషా, ఆరు భాషలా? పదమూడు వేల లెక్క వెనకున్న అసలు సంగతి

సంక్షిప్తంగా: రుకై దక్షిణ తైవాన్ కొండల్లోని ఆదివాసీ భాష. ఆ తెగవారిగా నమోదైనవారు సుమారు పదమూడు వేల మంది. భాష మాత్రం ఆరు మాండలికాలుగా ఉంది. వాటిలో మూడు ఒకదానికొకటి దగ్గరివి. మిగతా మూడూ వీటికి దూరం, వాటిలోనూ ఒకటి మరీ దూరం. ఈ దూరపు మూడూ రెండు వేల జనాభా కూడా లేని ఒకే జిల్లాలో ఉన్నాయి. తెగ మొత్తానికి ఒకే అంకె చెబితే ఈ మూడింటి పరిస్థితి కనబడదు. బడి, పరీక్ష, పుస్తకం మాండలికం వారీగా నడుస్తాయి కాబట్టి నష్టమూ మాండలికం వారీగానే జరుగుతోంది.

## ఒకే భాషకు రెండు తీర్పులు

తైవాన్ ఆదివాసీ భాషల వార్తల్లో రుకై రెండు వేర్వేరు వరసల్లో కనబడుతుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల గురించి యునెస్కో వేసిన 2009 నాటి అట్లాసులో అది తక్కువ ప్రమాదపు వర్గంలో ఉంది: భాష బతికే ఉంది, కానీ జాగ్రత్త పడాలి. తైవాన్ ప్రభుత్వం అంతరించబోతున్న భాషల కోసం చేపట్టిన రక్షణ పథకంలో మాత్రం రుకైలోని మూడు మాండలికాల పేర్లు విడివిడిగా ఉన్నాయి. రెండూ చదివిన పాఠకుడికి ఏది నిజమో తేలదు.

రెండూ నిజమే. అట్లాసు లెక్క భాష పేరు మీద, పథకం లెక్క మాండలికం మీద. ఈ తేడా ఎందుకు ఇంత పెద్దదైందో తెలియాలంటే ఊళ్ల పటంతో మొదలుపెట్టాలి.

## ఏ ఊళ్లో ఏ మాట

తైవాన్ ప్రభుత్వం 16 ఆదివాసీ తెగలను గుర్తించింది. వాటి భాషలను 42 మాండలికాలుగా విభజించింది. అందులో రుకైవి ఆరు.

పింగ్‌తుంగ్ కౌంటీలోని వూతాయ్ పట్టణ మండలంలో ఎక్కువ ఊళ్లు మాట్లాడేది బుదాయ్. దీన్నే వూతాయ్ రుకై అని కూడా అంటారు. మాట్లాడేవారు ఎక్కువగా ఉన్నది దీనికే. అదే మండలంలోని దావూ గ్రామానిది లబువాన్. మధ్య పర్వతశ్రేణికి అవతల, తైతుంగ్ కౌంటీ బెయ్‌నాన్ మండలంలోని తరొమాక్ ఊరిది తనాన్. అధికారిక పత్రాల్లో దీన్ని తూర్పు రుకై అంటారు. పక్కనే పుయుమా తెగ ఉండటంతో ఆ భాష మాటలు తనాన్‌లోకి వచ్చి చేరాయి.

మిగిలిన మూడూ కావొష్యుంగ్ నగర పరిధిలోని మావోలిన్ జిల్లాలో ఉన్నాయి. మావోలిన్ గ్రామానిది మగ, దువోనా గ్రామానిది తొన, వాన్‌షాన్ గ్రామానిది మంతౌరాన్. చైనీయులు ఈ మూడు ఊళ్లనూ కలిపి చాలాకాలం ‘దిగువ మూడు ఊళ్లు’ అన్నారు. జిల్లా జనాభా రెండు వేల లోపే, అందులోనూ అందరూ రుకైలు కారు. అంటే ఒక్కో మాండలికానికి దక్కేది కొన్ని వందల మంది. ఆ కొన్ని వందల్లో ధారాళంగా మాట్లాడగలిగేది ఎక్కువగా వయసు పైబడినవారే.

ఇక్కడ గణాంకాల చిక్కు ఒకటుంది. తైవాన్‌లో ఇంటింటి నమోదులో తెగ పేరు రాస్తారు, మాండలికం రాయరు. నమోదైన పదమూడు వేల మందిలో బుదాయ్ కుటుంబాలు ఎన్ని, మగ కుటుంబాలు ఎన్ని అన్నది ఆ పుస్తకంలో దొరకదు. పైగా ఆ అంకె తెగ సభ్యులది, భాష వచ్చినవారిది కాదు. తైపేయిలో పుట్టి, చైనీస్ తప్ప మరోటి రాని పిల్లవాడూ అందులో ఒకడే. ‘రుకై మాట్లాడేవారు పదమూడు వేలు’ అని రాసే వార్తలన్నీ ఈ రెండు లెక్కలనూ కలిపేస్తున్నాయి.

## మాండలికాల మధ్య దూరం ఎంత

తెలంగాణ, కోస్తా, సీమ యాసల్లో ఉండే తేడాలాంటిది ఇక్కడా ఉంటుందనుకుంటే పొరపాటు. బుదాయ్, లబువాన్, తనాన్ మాట్లాడేవారు ఒకరినొకరు పెద్ద కష్టం లేకుండా అర్థం చేసుకుంటారు. మావోలిన్ మూడు మాండలికాలకూ ఈ గుంపుకూ మధ్య అలా కుదరదు. ఆ మూడింట్లో మగ, తొన ఒకదానికొకటి దగ్గర. మంతౌరాన్ ఆరింటిలోనూ వేరు.

దూరానికి మొదటి కారణం ఉచ్చారణలో వచ్చిన మార్పులు. రుకై దాదాపుగా అజంత భాష. రుకై, మలయ్ లాంటి భాషలన్నిటికీ తల్లి అయిన పాత ఆస్ట్రోనేషియన్ మూలభాషలో హల్లుతో ముగిసిన మాటకు రుకైలో చివర ఒక అచ్చు చేరుతుంది. మనం బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసుకున్నట్టే. అయితే తెలుగులో చేరేది ఎక్కువగా ‘ఉ’. రుకైలో చేరే అచ్చు ముందున్న అచ్చును బట్టి మారుతుంది. ముందు ‘ఉ’ ఉంటే ‘ఉ’, ‘ఇ’ ఉంటే ‘ఇ’, ‘అ’ ఉంటే నోరు సగం తెరిచి పలికే ఒక తటస్థ స్వరం. అంకెలు చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. రెండు డుస, మూడు తుళు, నాలుగు సుపతె, అయిదు ళిమ, ఆరు ఎనెమె, ఏడు పితు, ఎనిమిది వళు, పది పుళుకు. మలయ్‌లో నాలుగు ఎంపత్, ఆరు ఎనమ్, పదికి పులుహ్. ఫిలిప్పీన్స్ తగలోగ్‌లో నాలుగు అపత్, ఆరు అనిమ్. మలేషియాలోని తెలుగువారికి లిమ, ఎనమ్ రోజూ వినే మాటలే కాబట్టి ఈ చుట్టరికం వారికి వెంటనే పట్టుబడుతుంది.

మగ దీనికి ఎదురుదారి పట్టింది. చివర అచ్చు చేర్చుకోవడం ఒక పక్క ఉండగానే మాట మధ్యలో, మొదట్లో ఉన్న అచ్చులను రాల్చేసింది. అలా ఇతర మాండలికాల్లో ఉండని సంయుక్తాక్షరాలు పుట్టాయి, అచ్చుల సంఖ్యా పెరిగింది. నేర్చుకునేవారికి అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఒక రూపంలో రాలిన అచ్చు ముందు ఉపసర్గ చేరగానే మరో రూపంలో తిరిగి కనబడుతుంది. మాటను ఒక్క రూపంలో కంఠస్థం చేస్తే చాలదు, ఏ అచ్చు ఎక్కడ దాగి ఉందో తెలియాలి. ఇంట్లో విని పెరిగిన పిల్లలకు ఇది దానంతట అదే వస్తుంది. బడిలో జాబితా చూసి నేర్చుకున్నవారు సరిగ్గా ఇక్కడే తడబడతారు.

మంతౌరాన్‌లో తేడా వ్యాకరణం దాకా వెళ్లింది. మిగతా అయిదు మాండలికాల్లో నామపదం ముందు విభక్తిలాంటి ఒక చిన్న గుర్తు వస్తుంది. ఎవరు చేశారు, దేన్ని చేశారు, ఎక్కడ చేశారు అన్నది కొంతవరకు అదే చెబుతుంది. మంతౌరాన్‌లో నామపదాలకు ఈ గుర్తులు లేవు. ఆ పని క్రియకు అంటుకునే సర్వనామ ప్రత్యయాలు, పదాల వరస చేసుకోవాలి. ఇక జరగబోయేదాన్ని చెప్పడానికి బుదాయ్‌లో ‘ళి’, తనాన్‌లో ‘అయ్’, మంతౌరాన్‌లో ‘అమొ’ క్రియ ముందు చేరతాయి. ‘తిను’ అన్న ధాతువు మాత్రం ‘కనె’. ఇలాంటి సామ్యాలు చూసే ఇవన్నీ ఒకే భాష అంటున్నారు.

నిక్కచ్చిగా చెప్పాలంటే, ఒకరి మాట మరొకరికి అర్థం కావడమే కొలమానమైతే రుకైని ఒకే భాష అనడం కష్టం. ఒకే మూలం నుంచి వచ్చిన దగ్గరి కుటుంబం అనడం తేలిక. 1970లలో భాషాశాస్త్రవేత్త పాల్ జెన్-క్వెయ్ లీ ఆరింటినీ పోల్చి వాటి మూలరూపాన్ని పునర్నిర్మించాడు. ఇవి ఒకే కొమ్మ అన్నది అప్పట్నుంచి స్థిరపడింది. ఒకే కొమ్మ అయినంత మాత్రాన ఒకే పాఠ్యపుస్తకం సరిపోదన్నది ఆ తర్వాతి సమస్య.

## పండితుల తగవు: లేని క్రియారూపాలు

ఇంత చిన్న భాష మీద ప్రపంచ భాషాశాస్త్రంలో ఇంత చర్చ ఎందుకన్న ప్రశ్న సహజం. ఆస్ట్రోనేషియన్ కుటుంబం మడగాస్కర్ నుంచి ఈస్టర్ ద్వీపం దాకా పరచుకుంది. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ 1999లో చేసిన వర్గీకరణ ప్రకారం దాని ప్రధాన శాఖలు పది. అందులో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. మలయ్, తగలోగ్, మలగాసీ, హవాయి భాషలన్నీ మిగిలిన ఆ ఒక్క శాఖలోకి వస్తాయి. కుటుంబం పుట్టిల్లు తైవాన్ అనడానికి ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి. ఆ తొమ్మిదిలో రుకై ఒకటి.

తైవాన్, ఫిలిప్పీన్స్ భాషల్లో క్రియకు ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. వాక్యంలో ప్రధానంగా నిలబెట్టేది చేసినవాణ్ణా, చేయబడిన వస్తువునా, చోటునా, పనిముట్టునా అన్నదాన్ని బట్టి క్రియ రూపం మారుతుంది. తగలోగ్ నేర్చుకునేవారికి మొదట ఎదురయ్యే గోడ ఇదే. రుకైలో అది లేదు. మన వ్యాకరణాల్లోలాగే కర్తరి, కర్మణి అనే రెండే రూపాలు. తనాన్‌లో ‘వకనెఅకు’ అంటే ‘తిన్నాను’: ముందు ‘వ’ జరిగిన పనికి, మధ్యలో ‘కనె’ ధాతువు, చివర ‘అకు’ నేను. కర్మణికి క్రియ ముందు ‘కి’ వస్తుంది. క్రియకు కర్త గుర్తు చివర అతుక్కోవడం తెలుగువారికి కొత్త కాదు. కొత్తగా అనిపించేది క్రియ వాక్యం మొదట్లో రావడం.

ఆ నాలుగు రకాల ఏర్పాటు రుకైలో ఎందుకు లేదు? స్టాన్లీ స్టారోస్టా వాదన ప్రకారం అది రుకైలో ఎన్నడూ లేదు. మూలభాష నుంచి మొట్టమొదట విడిపోయింది రుకై, ఆ ఏర్పాటు మిగతావాటిలో తర్వాత పుట్టింది. మాల్కం రాస్ 2009లో ఇదే దారిలో మరికొంత ముందుకు వెళ్లాడు. రుకై, పుయుమా, త్సౌ మూడూ బయట నిలిచాయని, మిగతావన్నీ కలిసి ఒకే కేంద్ర శాఖ అని ప్రతిపాదించాడు. అతని లెక్కలో ఆ క్రియారూపాలను చేసే ప్రత్యయాలు మొదట నామపదాలను చేయడానికి వాడినవి, తర్వాత క్రియలకు ఎక్కాయి. బ్లస్ట్ దీన్ని ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని రుకై పోగొట్టుకుందన్నది ఆ పక్షం వాదన. లోరాన్ సగార్ అంకెల ఆధారంగా వేసిన వంశవృక్షం కూడా రాస్ దానితో పొసగదు. ఏడుకు పితు, ఎనిమిదికి వళు లాంటి మాటలు అతని దృష్టిలో తర్వాత పుట్టినవి. అవి ఉన్న రుకై చెట్టు మొదట్లో విడిపోయి ఉండటానికి వీల్లేదు.

క్రియ ఒక మాట చెబుతోంది, అంకె ఇంకో మాట చెబుతోంది. అంకెలు పక్క భాషల నుంచి అరువు రావచ్చు కాబట్టి వాటి మీదే మొత్తం భారం వేయడం సాహసమే. వ్యాకరణ రూపం ‘లేదు’ అన్నదాన్ని ప్రాచీనతకు రుజువుగా తీసుకోవడమూ అంతే సాహసం. భాషలు పోగొట్టుకుంటూనే ఉంటాయి. ఈ తగవు తేలడానికి ఆరు మాండలికాలూ కావాలి. మంతౌరాన్, మగ లాంటి దూరపు మాండలికాల్లో నిలిచిన రూపాలే మూలరుకై ఎలా ఉండేదో చెప్పగలవు. అవి పోతే మిగిలేది బుదాయ్ సాక్ష్యం ఒక్కటే.

## రాత: ఏ అక్షరం ఎందుకు

రుకైకి సొంత లిపి లేదు. జపాన్ పరిశోధకులు ఒగావా, అసాయ్ 1935లో ప్రచురించిన కథల సంకలనం, తర్వాత చర్చి అనువాదాలు, భాషావేత్తల పుస్తకాలు ఎవరి రోమన్ పద్ధతి వారే పాటించాయి. 2005 డిసెంబరు 15న ఆదివాసీ మండలి, విద్యాశాఖ కలిసి అన్ని ఆదివాసీ భాషలకూ అధికారిక రోమన్ రాతను ప్రకటించాయి.

మామూలు కీబోర్డు మీద రాయగలగాలన్నది ఆ పద్ధతిలో పెట్టుకున్న నియమం. అందుకని ప్రత్యేక గుర్తుల బదులు జంట అక్షరాలు వాడారు. ‘డి’కి ‘ఆర్’ చేరిస్తే మన ‘డ’, ‘ఎల్’కి ‘ఆర్’ చేరిస్తే మన ‘ళ’, ‘ఎన్‌’కి ‘జి’ చేరిస్తే ‘ఙ’. బయటివారు వీటిని ‘డ్ర’, ‘ల్ర’ అని చదివేస్తుంటారు. వూతాయ్ రుకైలు తమను తాము పిలుచుకునే పేరు ‘ఙుడడెకాయ్’ కూడా అలాగే రూపు మారి వినబడుతుంది. తెలుగు లిపిలో ఆ మూడు ధ్వనులకూ అక్షరాలున్నాయి. దంతాల మధ్య నాలుక పెట్టి ఊదుతూ పలికే రెండు ధ్వనులకు, తటస్థ స్వరానికి లేవు. పైన అంకెల్లో చివర వేసిన ‘ఎ’ ఆ స్వరానికి సర్దుబాటు మాత్రమే.

ఆరు మాండలికాలకూ ఒకే పట్టిక పనికిరాలేదు. మగకు అదనపు అచ్చులు కావాలి. మంతౌరాన్‌లో గొంతు బిగించి ఆపే ధ్వనికి ప్రత్యేక గుర్తు కావాలి. అంటే ఏ పుస్తకమైనా ఆరుసార్లు రాయాలి, ఆరుసార్లు దిద్దాలి, ఆరుసార్లు రికార్డు చేయాలి. బుదాయ్‌కి రాసేవారూ దిద్దేవారూ దొరుకుతారు. వాన్‌షాన్‌లో పుస్తకం రాసినవారే దిద్దాల్సి రావచ్చు, రికార్డింగులో గొంతూ వారిదే కావచ్చు.

## భాష చేజారిన దారి

1895 నుంచి 1945 దాకా జపాన్ పాలనలో బడి భాష జపనీస్. తెగకూ తెగకూ మధ్య ఉమ్మడి భాషగానూ అదే స్థిరపడింది. 1945 తర్వాత ఆ చోటు చైనీస్‌ది. 1949 నుంచి 1987 దాకా సాగిన సైనిక శాసన కాలంలో బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లలకు జరిమానాలు, మెడలో పలకలు మామూలు. ఆ శిక్షలు తిన్న తరం తల్లిదండ్రులయ్యాక పిల్లలతో చైనీస్‌లోనే మాట్లాడింది. తరాల గొలుసు తెగింది ఇక్కడే.

ఊళ్లు కదలడం రెండో దెబ్బ. వాన్‌షాన్ 1950లలో పాత చోటు వదిలి కిందికి వచ్చింది. వూతాయ్ మండలంలోని కుచపుఙనె, అంటే హావొచా, 1970ల చివర లోయలోకి దిగింది. 2009 ఆగస్టులో మొరాకొట్ తుపాను వచ్చినప్పుడు ఆ కొత్త ఊరు బురద, రాళ్ల కింద పూడిపోయింది. 2010 చివర ఆ కుటుంబాలను మాజియా మండలంలోని రినారికి చేర్చారు. అక్కడ పక్క వీధుల్లో ఉన్నది పైవాన్ తెగ ఊళ్లు రెండు. ఒక తెగ మాట ఇంకో తెగకు రాదు కాబట్టి దుకాణంలో, ఆట మైదానంలో, పెళ్లి సంబంధాల్లో చైనీస్ వచ్చి కూర్చుంటుంది. ఆలి లాంటి ఊళ్ల కుటుంబాలకు చాంగ్‌జి మైదానంలో ఇళ్లిచ్చారు. ప్రాణాలకు అది భద్రమే. భాష పరంగా మాత్రం, ఊరంతా ఒకే మాట మాట్లాడే చోటు పోవడమంటే రోజుకు ఎన్నోసార్లు అప్రయత్నంగా జరిగే సంభాషణలు పోవడమే.

## బడి, పరీక్ష: ఏది పని చేస్తోంది, ఏది చేయడం లేదు

2001 నుంచి ప్రాథమిక బడుల్లో వారానికి ఒక పీరియడు స్థానిక భాషకు ఇస్తున్నారు. నలభై నిమిషాల పీరియడు, ఏడాదికి నలభై వారాలు అనుకున్నా మొత్తం 27 గంటలు దాటదు. 2017 జూన్‌లో వచ్చిన ఆదివాసీ భాషల అభివృద్ధి చట్టం వీటిని జాతీయ భాషలని ప్రకటించింది. 2022 నుంచి మాధ్యమిక బడుల్లోనూ పాఠం తప్పనిసరి అయింది. హోదా పెరిగిందన్నది కాదనలేం. గంటలు మాత్రం పెద్దగా పెరగలేదు.

పిల్లల్ని నిజంగా కదిలించేది మార్కులు. ఉన్నత పాఠశాల, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో ఆదివాసీ విద్యార్థికి భాషా ధ్రువపత్రం ఉంటే 35 శాతం అదనపు మార్కులు, లేకపోతే 10 శాతం. ఈ తేడా వల్ల పరీక్ష రాసేవారు పెరిగారు. అయితే తొలి స్థాయికి వెయ్యి మాటల జాబితా, నమూనా వాక్యాలు బాగా వల్లిస్తే గట్టెక్కవచ్చు. పత్రం చేతికొచ్చాక భాష వాడాల్సిన అవసరం ఉండదు. ఉత్తీర్ణుల సంఖ్యను చూసి మాట్లాడేవారు పెరిగారనడం అందుకే సరికాదు.

పరీక్షకు పేరు ఇచ్చేటప్పుడు మాండలికం ఎంచుకోవాలి. మగ కుటుంబం నుంచి నగరానికి వెళ్లిన పిల్లవాడికి అక్కడ మగ చెప్పే ఉపాధ్యాయుడు దొరకడం అరుదు. తైవాన్ ఆదివాసుల్లో దాదాపు సగం మంది ఇప్పుడు నగరాల్లోనే ఉన్నారు. దొరికిన బుదాయ్ తరగతిలో చేరడం తేలిక, పుస్తకాలూ ఎక్కువ. పిల్లవాడు రుకై నేర్చుకున్నాడన్న లెక్క సరిపోతుంది, వాళ్ల అమ్మమ్మతో మాట్లాడటానికి మాత్రం అది పనికిరాదు. ఆన్‌లైన్ ప్రత్యక్ష తరగతులు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. చిన్న మాండలికాలకు ఇప్పటివరకు అందినవాటిలో ఎక్కువ ఉపయోగపడేది బహుశా ఇదే.

మావోలిన్ మాండలికాల కోసం నడుస్తున్న గురుశిష్య పథకం దారి వేరు. 1990లలో కాలిఫోర్నియా ఆదివాసీ భాషల కోసం రూపొందిన పద్ధతి అది. భాష బాగా వచ్చిన పెద్దతో ఒకరిద్దరు నడివయసువారిని జతచేస్తారు. శిష్యులు మరో ఉద్యోగానికి పోకుండా జీతమిస్తారు. వంట, పొలం, ఊరి పనులు చేసుకుంటూ చైనీస్ లేకుండా గడపడమే పాఠం. ఖర్చు ఎక్కువ, నేర్చుకునేవారు తక్కువ. తరగతిలో ఎన్నేళ్లు కూర్చున్నా రాని ధారాళత మాత్రం దీనివల్ల వస్తుంది. గురువుల వయసే దీనికి పరిమితి.

## తెగ గుర్తింపు మార్చితే?

కనకనవు, హ్లఅలువ తెగలను చాలాకాలం త్సౌలో భాగంగా లెక్కించారు. 2014 జూన్‌లో వాటికి విడి గుర్తింపు వచ్చింది. అంతకుముందు సెడిక్ 2008లో ఇలాగే విడివడింది. భాష దూరమే ప్రమాణమైతే దిగువ మూడు ఊళ్లకూ ఇదే తర్కం వర్తిస్తుంది. విడి పేరు వస్తే లెక్క విడిగా తీస్తారు, ప్రమాద స్థాయి దాచడం కుదరదు. కానీ కనకనవు అనుభవం చూస్తే గుర్తింపు వచ్చిన నాటికే ధారాళంగా మాట్లాడేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. విడి తెగ కావడం వల్ల మాట్లాడేవారు పుట్టుకురారు. రుకై విషయంలో తెగ పేరు మార్చకుండానే చేయగలిగేది ఒకటుంది: నమోదు పుస్తకంలో తెగ పక్కన మాండలికం కూడా రాయడం. ఏ ఊరికి ఎంతమంది ఉపాధ్యాయులు కావాలో, ఏ గురువు దగ్గరికి శిష్యుణ్ణి ముందుగా పంపాలో తేల్చడానికి ఆ ఒక్క గడి చాలు.